ఆదివారం నాడు కారెక్కడ పెట్టాలి

మా కారుకి ఏలూరులో ఒక నికరమైన చోటు దొరకడానికి రెండేళ్లు పట్టింది. మా కోడలికి డిగ్రీ రావడానికి అంతకంటే చాలా ఎక్కువ పట్టింది. ఈ రెండూ ఒకే ఆదివారం నాడు ముడిపడ్డాయి కాబట్టి ఒకదాని సంగతి చెప్పాలంటే రెండోది చెప్పక తప్పదు.

నేను లెక్కల టీచర్ని. 2004లో రిటైరయ్యాను. మా ఊరు కలిదిండికి దగ్గర. ఇంటికి మూడు వైపులా చేపల చెరువులు, నాలుగో వైపు రోడ్డు. మా వారికీ మా అబ్బాయికీ చెరువు గట్ల మీద తిరగడానికి మోటారు సైకిలు చాలు. అయినా ఒకరోజు మా వారు ఎవరో చేపల వ్యాపారి వదిలించుకుంటున్న కారు కొనుక్కొచ్చారు. తెల్లది, చిన్నది, పాతది. వాకిట్లో నిలబెట్టి రోజూ పొద్దున్నే తుడిచేవారు. నడపడం మాత్రం ఒక్కసారే చేశారు. మేత బస్తాల మీదికి ఎక్కించి, దిగి, తాళం నా చేతిలో పెట్టి, "టీచరుగారూ, దీని సంగతి మీరు చూడండి" అన్నారు.

నేను చూశాను. కైకలూరులో డ్రైవింగు నేర్చుకున్నాను. నాకప్పుడు యాభై తొమ్మిది. నేర్పించినాయన మొదటి రోజు "మామ్మగారూ, మనవడు రాలేదా?" అని అడిగాడు. ఆఖరి రోజు, "మామ్మగారూ, మీరు కొంచెం గట్టిగా తొక్కొచ్చండీ, ఏం కాదు" అని బతిమాలాడు. నేను గంటకి నలభై దాటను. దాటాల్సిన అవసరం నా జన్మలో ఒక్కసారే వచ్చింది.

మా కోడలు ఇంటర్ చదివి మా ఇంటికి వచ్చింది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ కట్టింది. ఆ చదువుకి ఆదివారాలే క్లాసులు, ఏలూరు బజారు నడిమధ్యలో ఉన్న ఒక కాలేజీలో. ఒకసారి పరీక్షల వేళకి మనవడు పుట్టాడు, మానేసింది. ఇంకోసారి వానలకి చెరువు గట్టు తెగి ఇంటిల్లిపాదీ బస్తాలు మోస్తూ బురదలో ఉన్నాం, మళ్లీ మానేసింది. ఆ చదువుకి ఒక గడువుంది. ఆ గడువులోగా అన్ని పేపర్లూ గట్టెక్కాలి. లేకపోతే అంతకుముందు పాసైనవి కూడా చెల్లవు, మొదటి నుంచి మొదలుపెట్టాలి. మా అమ్మాయికి (కోడల్ని నేను అలాగే అంటాను) ఆ గడువు 2008 వేసవితో సరి. తనకేమో బి.ఇడి. చదివి హైస్కూలు పిల్లలకి పాఠం చెప్పాలని కోరిక. "పదో క్లాసుకి చెప్పాలని ఉందండీ, అత్తయ్యగారూ. చిన్న పిల్లలకి అఆలు మీరు చెప్పేశారు కదా" అనేది. నేను చెప్పింది లెక్కలు, అఆలు కాదు. అయినా ఊరుకున్నాను.

ఆదివారం మా ఊరి బస్సుని నమ్ముకుంటే మధ్యాహ్నం క్లాసుకి కూడా అందదు. అందుకని కారు. కారు అనగానే, కారు ఎక్కడ పెట్టాలి?

కాలేజీ లోపల పెట్టనివ్వలేదు. ఆదివారం గ్రౌండులో క్రికెట్ ఆడతారట, బంతి తగిలి అద్దం పగిలితే వాళ్ల పూచీ కాదట. గేటు ముందు పెడితే బట్టల కొట్టువాడు వచ్చి, "అమ్మా, నా కొట్టు కనబట్టం లేదండీ" అన్నాడు. మా చిన్న కారు వెనక వాడి మూడంతస్తుల కొట్టు ఎలా దాక్కుందో నాకు అర్థం కాలేదు గానీ, అంత మర్యాదగా అడిగాక తీయక ఏం చేస్తాం?

తరవాత చర్చి ఆవరణ. మేం క్రైస్తవులం. మా ఊళ్లో తెల్లవారుజాము ఆరాధన ముగించుకునే ఏలూరు బయలుదేరేవాళ్లం. ఏలూరు చర్చిలో విశాలమైన ఆవరణ, వేపచెట్ల నీడ, ఇంకేం కావాలి? రెండు వారాలు బాగానే గడిచింది. మూడో వారం ఆరాధన ముగిసి పాస్టరుగారు గుమ్మంలో నిలబడి అందరికీ చేతులు కలుపుతుండగా మేము పుస్తకాలతో నెమ్మదిగా గోడ పక్క నుంచి వచ్చాం. ఆయన నన్ను చూసి, "అమ్మగారూ, మీ కారు క్రమం తప్పకుండా ఆరాధనకి వస్తోందండీ. మీరే రావట్లేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అక్కడున్న ఆడవాళ్లందరూ కూడా నవ్వారు. మా కోడలు కారులో కూర్చున్నాక కూడా నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "మన కారు రక్షణ పొందిందండీ, అత్తయ్యగారూ!" అంది. ఇంక అక్కడ పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు.

సినిమా హాలు వాళ్లు పెట్టుకోనిచ్చారు, కానీ టిక్కెట్టు కొంటేనే. సరే అని నేల టిక్కెట్టు ఒకటి కొని, కారు పెట్టి, క్లాసుకి పోయేవాళ్లం. ఆ సినిమా బాగా ఆడింది. వారం తరవాత వారం అదే సినిమా, అదే నేల టిక్కెట్టు. టిక్కెట్లు చింపే ఆయన నన్ను చూసి దణ్ణం పెట్టడం మొదలుపెట్టాడు. "హీరోగారి అభిమానులు చాలామందిని చూశానండీ. మీ అంతవాళ్లని చూళ్లేదు" అన్నాడొకరోజు. డబ్బిచ్చి కొన్న టిక్కెట్టు వృథాగా పోవడం నాకు సహించదు. అందుకని క్లాసుల మధ్య ఖాళీలో నేను వెళ్లి కూర్చునేదాన్ని. ఆ ఖాళీ ఎప్పుడూ ఒకే వేళకి వచ్చేది కాబట్టి ప్రతి వారం ఒకే ముక్క చూశాను. హీరోయిన్ తండ్రి వరదలో కొట్టుకుపోయే ముక్క. అతను ఎందుకు కొట్టుకుపోయాడో, ఆ తరవాత దొరికాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ సినిమా మారగానే మా వారు తన పలుకుబడి వాడారు. ఏలూరులో మా చేపలు ప్యాకింగు చేసే షెడ్డు ఉంది. ఐసు, పెట్టెలు, లారీలు. "మనవాళ్లేనండీ, ఎంత సేపైనా పెట్టుకోండి" అన్నారు. పెట్టుకున్నాం. సాయంత్రానికి కారు నిండా ఐసు కరిగిన నీళ్ల వాసన. మర్నాడు మా ఊళ్లో పిల్లులన్నీ మా వాకిట్లోనే. తరవాతి వారం క్లాసులో మా బెంచీలో ఎవరూ కూర్చోలేదు. లెక్చరరు గారు కిటికీలు తెరిపించారు. మాకు మటుకు ఏ వాసనా తెలియదు, చెరువుల మధ్య బతికేవాళ్లం కదా.

మా బెంచీ అన్నాను. అది చెప్పడం మరిచాను. మొదట్లో నేను క్లాసు అయ్యేదాకా కారులోనే కూర్చునేదాన్ని. ఎండలో కారులో ఉడకడం కంటే ఫ్యాను కింద క్లాసులో కూర్చోవడం నయమని లెక్క వేసుకుని, అమ్మాయి రెండో ఏడాదిలో ఉండగా నేను మొదటి ఏడాదికి కట్టాను. నేను టీచరు ట్రైనింగు మీదే ఉద్యోగం చేశాను, డిగ్రీ లేదు. అత్తా కోడలూ ఒకే కాలేజీ. సందు దొరికినప్పుడల్లా నా క్లాసు వదిలి అమ్మాయి స్టాటిస్టిక్స్ క్లాసులో వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఆ పేపరంటేనే తనకి భయం. రెండుసార్లు మానేసింది కూడా దాని ముందరే. ఇంటికెళ్లే దారి పొడుగునా నేను అడగడం, తను చెప్పడం. "సగటుకీ మధ్యగతానికీ తేడా ఏంటమ్మాయ్?" "సగటంటే మన ఇల్లండీ, అందరికీ సమానంగా పంచుతుంది. మధ్యగతమంటే నేనండీ, అటు మీరు, ఇటు మీ అబ్బాయి." జవాబు తప్పు. కానీ అలాంటి జవాబు నేను ముప్పై ఏళ్ల నౌకరీలో వినలేదు.

ఆఖరికి దొరికింది కల్యాణ మండపం. కాలేజీకి రెండు వీధుల అవతల. వెనకాల రేకుల షెడ్డు. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీ. పెళ్లి ఉన్నా మా చిన్న కారుకి ఒక మూల చాలు. వాచ్‌మన్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. "తాళం నా దగ్గర వదిలి వెళ్లండమ్మా. వంట సామాన్ల వ్యాన్ వస్తే మీ కారు పక్కకి జరపాలి కదండీ." సబబుగానే తోచింది. తాళం తగిలించే మేకు కూడా చూపించాడు. ప్రతి ఆదివారం ఆ మేకుకి మా తాళం.

2008 వేసవిలో స్టాటిస్టిక్స్ పరీక్ష ఆదివారం పడింది. మధ్యాహ్నం రెండింటికి, తాడేపల్లిగూడెంలో. రెండున్నర దాటితే లోపలికి రానివ్వరు. అన్నీ చూసుకుంటే ఒక చిక్కు మిగిలింది. హాల్‌టిక్కెట్టు మీద మా కోడలి పేరు, నంబరు సరిగ్గానే ఉన్నాయి, ఫొటో మటుకు గుబురు మీసాల పెద్దమనిషిది. అది మార్చి, స్టడీ సెంటరు కోఆర్డినేటరు గారు సంతకం పెట్టి ముద్ర వేయాలి. "ఆదివారం పొద్దున్నే రండి, వేసేస్తాను" అన్నారాయన. అక్కడి నుంచి అటే గూడెం పోవచ్చు అనుకున్నాం. మా అమ్మాయి పసుపు రంగు పట్టుచీర కట్టింది. ఆ చీర కట్టి రాసిన పేపరు ఏదీ ఇంతవరకు పోలేదట.

ఎనిమిదిన్నరకి మండపం చేరాం. ఆరోజు పెళ్లి ఉంది. పందిరి, అరటి చెట్లు, గాడిపొయ్యి మీద గుండిగలు. షెడ్డులో మా మూల ఖాళీగానే ఉంది. కారు పెట్టి, తాళం మేకుకి తగిలించి వెళ్లాం.

కోఆర్డినేటరు గారి పొద్దున్న పదకొండింటికి అయింది. మీసాలాయన్ని చూసి ఆయన కూడా నవ్వారు, అప్పటికి మాకు నవ్వు రావట్లేదు. ముద్ర వేయించుకుని ఇద్దరం పరుగులాంటి నడకతో మండపానికి వచ్చాం.

షెడ్డులో కారు లేదు. మేకుకి తాళం లేదు.

వాచ్‌మన్ మమ్మల్ని చూసి చేతులు జోడించి సంతోషంగా ఎదురొచ్చాడు. "మీది ఎంత మంచి మనసమ్మా! పెళ్లికొడుక్కి కారు ఇచ్చారు."

"ఎవరిచ్చారు?"

"మీరేనండీ. పూలవాళ్లు వచ్చి కారు నిండా పూలు కట్టారు. కట్టారంటే మీరు ఒప్పుకునే ఉంటారనుకున్నానండీ. అందుకే తాళం అడిగితే ఇచ్చేశాను. పెళ్లికొడుకు ఎక్కాల్సిన కారు కదా, ఆలస్యం చేయకూడదని."

సంగతేంటంటే, పెళ్లికొడుకు కోసం భీమవరం నుంచి ఒక తెల్ల కారు మాట్లాడారు. అది రాలేదు. పూలాయనకి ఎవరో "వెనక షెడ్డులో తెల్ల కారుంది, కట్టేయ్" అని చెప్పారు. షెడ్డులో ఉన్న తెల్ల కారు మాదే. కట్టేశాడు. పూలు కట్టిన కారు పెళ్లికొడుకుది కాక ఇంకెవరిదవుతుంది? ఎక్కించుకుని ఎదురుకోలుకి తీసుకుపోయారు.

మా వాళ్లలో ఎదురుకోలు ఉండదు గానీ పక్కింటి పెళ్లిళ్లలో చాలా చూశాను. మగపెళ్లివారు విడిదికి రాగానే ఆడపెళ్లివారు మేళంతో ఎదురెళ్లి, పానకం ఇచ్చి, పెళ్లికొడుకుని ఊరేగింపుగా తీసుకొస్తారు. అది పావుగంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు. బ్యాండు వాళ్ల ఉత్సాహాన్ని బట్టి.

"అత్తయ్యగారూ, నా పరీక్ష" అంది మా కోడలు. మొహం ఆ చీర రంగులోకి వచ్చేసింది. "ఈసారి పోతే అన్నీ పోతాయండీ."

"పోదు. చెవులు పెట్టి విను. బ్యాండు ఎటు వినబడుతోంది?"

కాలవ వైపు నుంచి వినబడుతోంది. పట్టుచీరతో తను ముందు, హాల్‌టిక్కెట్టు పట్టుకుని నేను వెనక, బజారులో పరిగెత్తాం. కాలవ వంతెన దగ్గర దొరికింది. ముందు బ్యాండు, దాని ముందు డాన్సు చేసే కుర్రాళ్లు, మధ్యలో మా కారు. మా కారేనని గుర్తుపట్టడానికి నాకు నంబరు ప్లేటు చూడాల్సి వచ్చింది. మిగతా అంతా బంతిపూలు, చామంతులు. వెనక అద్దం మీద థర్మాకోలు అక్షరాలతో ఎవరో అబ్బాయి పేరు, ఎవరో అమ్మాయి పేరు, మధ్యలో ఒక హృదయం. వెనక సీట్లో బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు. స్టీరింగు దగ్గర అతని బావ ఎవరో. అడుగుకోసారి ఇంజను ఆగిపోతోంది, మళ్లీ గర్రుమంటోంది. కాలిన వాసన నాకు ఇరవై గజాల దూరానికే తగిలింది.

"బాబూ! నా క్లచ్చి!" అని అరిచాను. అదే మొదట నోట్లోంచి వచ్చింది, పరీక్ష తరవాత వచ్చింది.

పెళ్లికొడుకు మేనమామ పెద్ద మీసాలు, పెద్ద గొంతు, భుజం మీద కండువా. (హాల్‌టిక్కెట్టు మీది ఫొటో ఈయనదేనా అని నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది.) సంగతంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో, అమ్మగారూ, ఎంత పని జరిగిందండీ! ఇప్పుడే ఇచ్చేసేవాణ్ణి. కానీ పానకం తాగి కారెక్కాక మండపం గుమ్మం దాకా పెళ్లికొడుకు నేల మీద కాలు పెట్టకూడదండీ మా ఇళ్లల్లో. ఇక్కడ దింపితే వాళ్ల నాయనమ్మ నన్ను బతకనివ్వదు."

"ఎత్తుకెళ్లండి" అంది మా కోడలు. తను ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి.

మేనమామ పెళ్లికొడుకు వైపు చూశారు. బాగా ఎదిగిన పిల్లాడు. ఎత్తుకునేలా లేడు.

అప్పుడు పెళ్లికొడుకే కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మావయ్యా, ఆ అక్కగారికి పరీక్షంటున్నారు కదా, తొందరగా పోనివ్వండి. సప్లిమెంటరీ ఎంత బాధో మీకేం తెలుసు? నేను నాలుగు రాశాను."

"పెళ్లికూతురు తరఫువాళ్లు వింటారురా, నెమ్మదిగా!" అన్నారు మేనమామ. అప్పటికే విన్నారు. ఆడపెళ్లివారి వైపు నుంచి నవ్వులు.

నేను తలుపు తెరిచాను. "నువ్వు దిగు బాబూ. నేను నడుపుతాను. అమ్మాయ్, ముందు సీట్లో కూర్చో. బ్యాండు మేష్టారూ, మీరు కాస్త జోరుగా నడవాలండీ."

అలా నేను, ఆరు పదులు దాటిన దాన్ని, బంతిపూల కారులో పెళ్లికొడుకుని ఊరేగించాను. మనిషి నడక వేగంతో ఇంజను ఆగకుండా నడపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మా ఊరి గట్ల మీద గేదెల వెనక రెండేళ్లు నడిపాను. ఒక్క కుదుపు లేదు. జీవితంలో మొదటిసారి నా వేగం అందరికీ నచ్చింది. మేడల మీద నుంచి ఆడవాళ్లు, "ఒసేయ్, మామ్మగారు నడుపుతోందే! చూడు చూడు!" అని పిలుచుకుంటున్నారు. ఎవరో కిటికీలోంచి పానకం గ్లాసులు అందించారు. నేను తాగాను. మా అమ్మాయి ఒక చేత్తో తాగుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని, "ప్రామాణిక విచలనం, ప్రామాణిక విచలనం" అంటోంది. వెనక నుంచి పెళ్లికొడుకు, "అక్కా, అది పాతిక మార్కులకి వస్తుందండీ, వదలొద్దు" అన్నాడు. స్టాటిస్టిక్స్ అతని నాలుగింటిలో ఒకటట.

మండపం గుమ్మంలో పెళ్లికూతురు తల్లి ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. పెళ్లికొడుక్కి తీసి, ఆ ఊపులోనే నాకూ, మా కోడలికీ, కారుకీ కూడా తీసేసింది. అబ్బాయి దిగాడు. పూలు పీకడానికి వ్యవధి లేదు. మేనమామ కారు బయటికి పోవడానికి స్వయంగా జనాన్ని తోస్తూ, "పోనివ్వండమ్మా, పోనివ్వండి! సాయంత్రం భోజనానికి రావాలి!" అని అరుస్తున్నారు. పన్నెండూ ఇరవై.

నేను ఆరోజు అరవై దాటించాను. ముల్లు చూడ్డానికి ధైర్యం లేక మా అమ్మాయిని చూడమన్నాను. తను చూసి, "చెప్పనండీ" అంది. బంతిపూలు విడివిడిగా ఎగిరి వెనక వచ్చే మోటారు సైకిళ్ల మీద పడుతున్నాయి. ఒక దండ ఊడి అద్దానికి అడ్డం వచ్చింది. వైపరు వేస్తే అది దండని అటొకసారి ఇటొకసారి ఊపింది, దారిలో అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు. భీమడోలు, పుళ్ల, ఉంగుటూరు. లారీలు హారను కొట్టి పక్కకి తప్పుకున్నాయి. ఇన్నేళ్లూ నా వెనక హారను కొట్టిన లారీలే.

గూడెంలో రైల్వే గేటు పడింది. ముందు పెద్ద వరస. ఒంటిగంటా నలభై. మా కోడలు పుస్తకం మూసేసి కళ్లు మూసుకుంది. ఇంతలో ముందున్న లారీ డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూసి దిగొచ్చాడు. "పెళ్లి కారండోయ్! ముహూర్తం దాటిపోద్ది, జరగండి జరగండి!" అని వరసంతా తిరిగాడు. ఆటోలు, సైకిళ్లు, ఒక ధాన్యం ట్రాక్టరు, అందరూ జరిగారు. మేము గేటు ముందుకి వచ్చాం. ఆటోలోంచి ఒకావిడ తల వంచి లోపలికి చూసింది. "పెళ్లికూతురు పుస్తకం పట్టుకుందేంటమ్మా?"

"పెళ్లికొడుకు లెక్కల మేష్టారండీ. అప్పజెప్పించుకుంటాడట" అన్నాను.

"ఇప్పటి నుంచేనా!" అని ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మా కోడలు కళ్లు తెరిచి నన్ను చూసి, భయం వదిలి, కడుపు పట్టుకుని నవ్వింది. గేటు లేచింది.

పరీక్ష జరిగే కాలేజీ గేటు దగ్గర "వాహనములు లోనికి అనుమతించబడవు" అని బోర్డు. వాచ్‌మన్ పూల కారుని చూశాడు, టోపీ సర్దుకున్నాడు, రెండు రెక్కలూ బార్లా తెరిచి సలాం కొట్టాడు. నేను నేరుగా వెళ్లి పోర్టికో కింద, ప్రిన్సిపాలు గారి పేరు రాసి ఉన్న నీడలో ఆపాను. రెండేళ్లు ఊరంతా తిరిగితే దొరకని చోటు అది. ఒంటిగంటా యాభై రెండు. మా అమ్మాయి బంతిపూల రేకులు తలలో ఉండగానే హాల్లోకి పరిగెత్తింది. ఇన్విజిలేటరు హాల్‌టిక్కెట్టు చూసి, తన చీర చూసి, బయట కారు చూసి, "ఆల్ ది బెస్టమ్మా, రెండిటికీ" అందట.

ఆ సాయంత్రం పూలు వాడిన కారుతో మళ్లీ మండపానికి వెళ్లాం. తాళం తీసుకుని మేకుకి తగిలించబోతే వాచ్‌మన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దమ్మా. ఇంక మీ తాళం మీ దగ్గరే." భీమవరం కారు మేము వెళ్లిన గంటకి వచ్చిందట. మేనమామ మమ్మల్ని కొత్త దంపతుల పక్క బంతిలో కూర్చోబెట్టి బొబ్బట్ల మీద నెయ్యి తానే పోశారు. మండపం ఆయన బావగారిదే. భోజనాలు కాకముందే షెడ్డులో మా మూల మాకు రాసిచ్చినంత పని చేశారు. అడ్డం రాకుండా గోడ పక్కన పెట్టుకుంటే చాలు, తాళం ఇవ్వక్కర్లేదు. ఒక్క షరతు: ఎప్పుడైనా పెళ్లికొడుకు కారు రాకపోతే నేను నడపాలి. "అంత నెమ్మదిగా నడిపేవాళ్లు మాకు దొరకరండీ" అన్నారు. నేను ఒప్పుకున్నాను. నా డిగ్రీ అయ్యేలోపు ముగ్గురు పెళ్లికొడుకుల్ని దించాను. ఒక్కరికీ కుదుపు తగల్లేదు.

ఫలితాలు వచ్చిన రోజు కారు మన షెడ్డులో పెట్టి, తాళం నా సంచిలో వేసుకుని, ఇద్దరం నడిచి కాలేజీకి వెళ్లాం. బోర్డు మీద కాగితం అంటించారు. మా కోడలు చూడనంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని వరసలన్నీ పై నుంచి కిందికి చూశాను. కింది నుంచి పైకి ఇంకోసారి చూశాను. ఒకసారి చూసి నమ్మడం నా అలవాటు కాదు. నంబరు రెండుసార్లూ అక్కడే ఉంది.

"ఉందమ్మాయ్" అన్నాను.

తను నా భుజం మీద తల పెట్టి అంతమందిలోనూ అలాగే ఉండిపోయింది. తరవాత ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుని బజారు మీదుగా లాక్కుపోయింది, ఆరోజు బ్యాండు వెనక పరిగెత్తినట్టే.

షెడ్డులో పూలాయన ఉన్నాడు. ఆరోజు కూడా ఏదో పెళ్లి. ముందు బంతిపూల బుట్టలు, పక్కన ఎవరిదో పెద్ద నల్ల కారు, దాని పక్కన మాది. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఈసారి అడిగే కడుతున్నానండీ. మీదాన్ని ముట్టుకోలేదు" అన్నాడు.

మా కోడలు ఆ బుట్టలు చూసింది, మా కారు చూసింది. వెనక అద్దం మీద ఎన్నిసార్లు కడిగినా వదలని జిగురు మచ్చలతో ఆ హృదయం ఇంకా ఉంది.

"కట్టండి" అంది. "మొత్తం కట్టండి. ముందూ వెనకా."

"ఎవరిదమ్మా పెళ్లి?"

"పెళ్లి కాదండీ. పాసయ్యాను."

ఆయన కట్టాడు. డబ్బు పుచ్చుకోనంటే నేనే జేబులో పెట్టాను. కొల్లేటి మీదుగా ఆ పూల కారులో ఇంటికి వచ్చాం. ఈసారి తొందరేం లేదు. ముల్లు నలభై దగ్గరే ఉంది. వెనక ఎవరు హారను కొట్టినా నేను పక్కకి తప్పుకోలేదు.